ఇసుక దిబ్బలు, మడ పర్రలు: ఊరివాళ్లతో కలిసి మళ్లీ నిలబెట్టడం ఎలా?

మే నెలాఖరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "జూన్ 5న, పర్యావరణ దినోత్సవానికి, మా కాలేజీ పిల్లల్ని తీసుకొస్తాం, మడ మొక్కలు ఎక్కడ నాటించాలి?" అని ఒకరు. "మా ఊరి బీచ్‌లో ఇసుక కొట్టుకుపోతోంది, సరుగుడు మొక్కలు దొరుకుతాయా?" అని ఇంకొకరు. ఇద్దరికీ ఒకటే చెప్తాను: ఆ రోజు నాటకండి, వచ్చి కొలవండి. తీరంలో జూన్ మొదటి వారం అంటే నేలలో ఉప్పు బాగా పేరుకున్న సమయం. ఎండాకాలం అంతా నీరు ఆవిరై, పర్ర (పోటు నీరు ఎక్కే చదునైన ఉప్పు నేల) మీద తెల్లగా పొర కట్టి ఉంటుంది. అప్పుడు నాటిన మొక్క ఫొటోలో బాగుంటుంది, ఆగస్టులో ఉండదు.

ఇక్కడ రాసింది ఆంధ్ర తీరం కోసం, ముఖ్యంగా గోదావరి, కృష్ణా డెల్టాల చుట్టుపక్కల ఊళ్ల కోసం. ఒడిశా, తమిళనాడు తీరాల్లోనూ చాలావరకు పనికొస్తుంది. కొలతలు మాత్రం మీ ఊళ్లో మీరే తీసుకోవాలి.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

అనుమతి: మడ అడవి చాలాచోట్ల రిజర్వు ఫారెస్టు. కోరింగ లాంటి చోట అయితే అభయారణ్యం (1978 నుంచి). అటవీ శాఖ కాగితం లేకుండా అక్కడ గునపం దించకూడదు. దిబ్బలు రెవెన్యూ భూమిలో ఉండొచ్చు, పంచాయతీవి కావచ్చు, ఎవరి పట్టాలోనో కూడా ఉండొచ్చు. తహసీల్దారు ఆఫీసులో అడంగల్ చూపించమని అడగండి. 2019 సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం ఇసుక దిబ్బలు, మడ అడవులు రెండూ 1ఎ కిందకి వస్తాయి, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న తరగతి. "మంచి పనే కదా" అని జేసీబీ పెడితే కేసు మీ మీదే పడుతుంది.

మనుషులు: మత్స్యకార సంఘం వాళ్లు ఇద్దరు ముగ్గురు, డ్వాక్రా సంఘం ఒకటి, గేదెలు మేపేవాళ్లలో ఒకరు. ఈ మూడు వర్గాలవాళ్లు లేకుండా ఎన్ని బస్సుల విద్యార్థులు వచ్చినా లాభం లేదు. ఇంకో మాట. పట్నం నుంచి వచ్చేవాళ్లకి అది ఆదివారం, వేటకెళ్లే మనిషికి అది కూలి పోగొట్టుకునే రోజు. స్వచ్ఛంద సేవ పేరు చెప్పి ఆయన్ని ఉచితంగా పిలవకండి, రోజు కూలి ఇవ్వండి. కాలువ తవ్వకం ఉపాధి హామీలో పెట్టించగలరేమో పంచాయతీలో కనుక్కోండి.

సామాన్లు: పారలు, గునపాలు, తట్టలు. తాపీమేస్త్రీలు వాడే పారదర్శకమైన నీళ్ల లెవెల్ పైపు, 10 మీటర్లది. సెంటీమీటర్ గీతలు గీసిన కర్రలు ఆరు. నైలాన్ తాడు. ఒకటే రంగు పెయింటు డబ్బా. రొయ్యల చెరువులవాళ్ల దగ్గర ఉప్పుశాతం చూసే రిఫ్రాక్టోమీటర్ ఉంటుంది, ఒకరోజుకి అడిగి తెచ్చుకోండి. బురదలోకి గమ్‌బూట్లు వద్దు. మోకాలి లోతు బురదలో బూటు అక్కడే ఉండిపోతుంది, కాలు మాత్రమే బయటికొస్తుంది. లేసులు గట్టిగా కట్టిన పాత కాన్వాస్ బూట్లు మేలు. చెప్పుల్లేకుండా దిగితే ఆల్చిప్పలు, మడ మొదళ్లు కోసేస్తాయి.

పోటు-పాటు పట్టిక: సముద్రపు నీరు ఎప్పుడు ఎక్కుతుందో (పోటు), ఎప్పుడు తీస్తుందో (పాటు) చెప్పేది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఏటా వేస్తారు. హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సైట్‌లోనూ చూసుకోవచ్చు. అయినా వేటకెళ్లే మనిషిని ఒకసారి అడగండి. పట్టికలో ఉన్నది రేవు దగ్గరి సమయం. మీ కాలువ లోపలికి పోటు వచ్చేసరికి ఇంకా ఆలస్యం అవుతుంది.

భాగం 1: మడ పర్ర

1. బాగున్న మడ దగ్గర మొదలుపెట్టండి

ముందు బోడిగా ఉన్న నేలకి వెళ్లకండి. దానికి దగ్గర్లో మడ బాగా పెరిగిన చోటు చూడండి. అక్కడ ఏ చెట్లున్నాయి? తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న, కళింగ. ఏది నీటికి ఎంత దగ్గరలో ఉంది? పోటు అక్కడ చెట్టు మొదట్లో ఎంతవరకు ఎక్కుతుంది? బెరడు మీద బురద గీత కనిపిస్తుంది, దాని ఎత్తు రాసుకోండి. మీ పనికి కొలబద్ద ఇదే.

తిల్ల చెట్టు దగ్గర జాగ్రత్త. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలకి ఆ చెట్టుని ముందే చూపించి, చెయ్యి పెట్టొద్దని చెప్పండి. పొరపాటున పాలు పడితే మంచినీళ్లతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2. నేల లెవెల్ కొలవండి

ఈ పని చాలామంది వదిలేస్తారు. నేను చూసిన వైఫల్యాల్లో సగం పైన ఇక్కడే మొదలయ్యాయి.

లెవెల్ పైపులో నీళ్లు నింపండి. లోపల బుడగ లేకుండా చూసుకోండి, ఉంటే పైపుని వేలితో తట్టుతూ పైకి పంపించేయండి. ఒకరు పైపు ఒక కొసని బాగున్న మడ అంచున కర్రకి ఆనించి పట్టుకోవాలి. రెండో మనిషి ఇంకో కొసతో బోడి నేలలోకి నడవాలి. నీళ్లు నిలకడగా ఆగాక, ఇద్దరూ తమ కర్ర మీద నేల నుంచి నీటి గీత దాకా ఎంత ఉందో చదవాలి. అక్కడ 62, ఇక్కడ 80 అయితే ఇక్కడి నేల 18 సెంటీమీటర్లు పల్లం. ఇక్కడ 50 అయితే 12 మెరక. పది మీటర్లు అయ్యాక రెండో మనిషి ఉన్నచోటే ఉంటాడు, మొదటి మనిషి దాటి ముందుకెళ్తాడు. అలా కప్పగంతుల్లా పర్ర అడ్డంగా అటు అంచు దాకా వెళ్లండి. ప్రతి లెక్కా రాసుకోండి.

మేం మొదటిసారి ఇలా కొలిచినప్పుడు నవ్వొచ్చింది. కంటికి బల్లలాగా కనిపించే పర్ర మధ్యలో అంచుకన్నా జానెడు పల్లం ఉంది, పళ్లెంలాగా. పెద్ద పోటుకి నీరు లోపలికి వస్తుంది, తిరిగి వెళ్లడానికి దారి లేదు. అక్కడే నిలిచి, ఎండి, ఉప్పు మిగులుతుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ ఎండుతుంది. ఒకప్పుడు చెట్లు నరికేశాక నేల ఎండకి ఆరి కుంగిపోయిన చోట్ల ఇలాగే జరుగుతుంది. అలాంటిచోట వంద మొక్కలు నాటినా, లక్ష నాటినా ఒకటే.

లెక్కలు చూసి ఇలా అనుకోండి:

- బోడి నేల మెరక అయితే: పోటు అందడం లేదు. నీరు తెచ్చే కాలువ కావాలి.
- పల్లం అయితే: నీరు నిలుస్తోంది. బయటికి తీసే కాలువ కావాలి.
- రెండూ ఒకటే లెవెల్ అయితే: తప్పు నేలది కాదు. గేదెలు తింటున్నాయా, కట్టెలకి కొడుతున్నారా, పాత రొయ్యల చెరువు గట్టు అడ్డం ఉందా, తూము లేకుండా రోడ్డు వేశారా చూడండి.

3. ఒక్క సీజన్‌లో చూసి తీర్పు చెప్పకండి

బంగాళాఖాతంలో సముద్ర మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మన తీరంలో మార్చి ప్రాంతంలో కిందికి ఉంటుంది, అక్టోబరు-నవంబరులో పైకి వస్తుంది. నవంబరు పౌర్ణమికి చక్కగా తడిసే నేల ఏప్రిల్‌లో వారాల తరబడి చుక్క చూడకపోవచ్చు. అందుకే కర్రలు పాతి, కనీసం రెండు సీజన్లలో అమావాస్య, పౌర్ణమి తర్వాతి రెండు మూడు రోజులు, అలాగే అష్టమి రోజుల్లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టండి. కర్రకి సున్నం పూస్తే నీరు తగిలినంత మేర గుర్తు తెలుస్తుంది, రాత్రి కాపలా కాయక్కర్లేదు.

4. ఉప్పు చూడండి

అడుగు లోతు గుంట తీసి, ఊట నీరు ఊరేదాకా ఆగండి. ఆ నీటి చుక్క రిఫ్రాక్టోమీటర్ మీద వేయండి. సముద్రపు నీరు 35 (వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు) దగ్గర ఉంటుంది. గుంటలో అంతకు రెట్టింపు చూపిస్తే నాటే సమయం ఇంకా రాలేదు, ముందు నీటి దారి తీయాలి. పరికరం దొరక్కపోతే మార్చి నెలలో వెళ్లి చూడండి. తెల్ల పొర ఎక్కడ మందంగా ఉందో అక్కడ మొక్క బతకదు.

ఒక మినహాయింపు ఉంది. బోడిగా ఉన్న ప్రతి పర్రా పాడైపోయినది కాదు. ఇలకూర ఎర్రగా, పచ్చగా పరుచుకుని ఉన్న ఉప్పు పర్ర దానికదే ఒక సొంత వ్యవస్థ. అక్కడ ఎప్పుడూ మడ లేదని ఊళ్లో పెద్దవాళ్లు చెప్తే దాన్ని అలాగే వదిలేయండి. పాటుకి బయటపడే సముద్రం వైపు బురద మేటలు కూడా అంతే. చలికాలం వలస పక్షులు పురుగులు ఏరుకునేది అక్కడే.

5. నీటికి దారి తీయండి

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎమ్మెస్ స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ, ఊరి సంఘాలు కలిసి వాడిన పద్ధతి చేప ముల్లు కాలువలు. నడుమ పెద్ద కాలువ వెన్నెముకలా సహజమైన పాయలో కలుస్తుంది. దానికి రెండు వైపులా సుమారు 45 డిగ్రీల వాలుగా పిల్ల కాలువలు ఉంటాయి. కాలువల అంచులు నిట్టనిలువుగా కాకుండా వాలుగా ఉండాలి. పైన వెడల్పు, కింద ఇరుకు. పెద్ద కాలువ లోతు ముప్పావు మీటరు నుంచి మీటరు వరకు, పిల్ల కాలువ అంతకన్నా కొంచెం తక్కువ. మీ లెవెల్ లెక్కలే అసలు కొలత చెప్తాయి: పాటుకి కాలువ దాదాపు ఖాళీ కావాలి.

తవ్వకంలో నేను ఎక్కువగా చూసే తప్పులు ఇవి. తీసిన బురదని కాలువ పక్కనే వరుసగా పోస్తారు, అది గట్టు అయిపోయి నీటిని మళ్లీ ఆపేస్తుంది. పలచగా చల్లండి, లేదా అక్కడక్కడ ఖాళీలు వదలండి. రెండోది, పెద్ద కాలువ మొగని, అంటే పాయలో కలిసే నోటిని, ఇసుక మేట దగ్గర పెడతారు, మొదటి వానకే పూడుకుపోతుంది. మూడోది, అందంగా కనిపించాలని తాడు పెట్టినట్టు నేరుగా తవ్వుతారు. పాత పాయ ఎక్కడ వంపు తిరిగిందో పెద్దవాళ్లకి గుర్తుంటుంది, ఆ దారిలోనే వెళ్లండి.

పాడుబడిన రొయ్యల చెరువు అయితే కాలువల దాకా అక్కర్లేకపోవచ్చు. గట్టుకి సరైన చోట రెండు గండ్లు కొట్టించండి, రాతపూర్వక అనుమతితోనే. చుట్టూ మడ ఉంటే గింజలు నీటితో పాటు అవే లోపలికొస్తాయి. అలాంటిచోట ఒక ఏడాది ఏమీ నాటకుండా ఆగి చూడమంటాను. వాలంటీర్లకి ఈ సలహా అస్సలు నచ్చదు.

పరీక్ష: కాలువ తీశాక వచ్చే పౌర్ణమి పోటుకి వెళ్లండి. నీరు చివరి పిల్ల కాలువ కొస దాకా వచ్చిందా? తర్వాతి పాటుకి ఆరు గంటల్లోపే బయటికి వెళ్లిందా? రెండోది జరగకపోతే నాటే పని ఆపి, మొగ దగ్గర పూడిక చూడండి.

6. గింజ, మొక్క

తెల్లమడ, నల్లమడ కాయలు వానాకాలం రెండో సగంలో రాలతాయి. బరువుగా, పసుపు కలిసిన లేత ఆకుపచ్చగా ఉన్నవి ఏరండి. పురుగు తొలిచిన చిల్లు ఉన్నవి పారేయండి. బకెట్ నీళ్లలో ఒక రోజు నానబెడితే పై తొక్క దానంతటదే ఊడుతుంది. ఇవి నిలవ ఉండవు, వారంలోగా నేలలో పడాలి.

ఉప్పుపొన్న మొలక కడ్డీలాగా పొడుగ్గా ఉంటుంది, చెట్టు మీదే మొలుస్తుంది. కాయకీ కడ్డీకీ మధ్య పసుపో ఎరుపో పట్టీ కనిపిస్తే పండినట్టు. మొనదేలిన కొస కిందికి పెట్టి రెండు మూడు అంగుళాలు గుచ్చితే చాలు. తలకిందులుగా గుచ్చేవాళ్లు ప్రతి గుంపులోనూ ఉంటారు, ఒకసారి చేతిలో పట్టుకుని చూపించండి.

నర్సరీ వేస్తే పోటు తగిలే చోటే వేయండి, అప్పుడు నీళ్లు పోసే పని ఉండదు. ఈ ఏడాది వేసిన నర్సరీ మొక్క వచ్చే వానల్లో నాటాలి. నాలుగైదు నెలలకే తీసి ఫిబ్రవరిలో నాటడం మొక్కని చంపడమే. తొందరగా ఉంటే తెల్లమడ గింజల్నే కాలువ వాలు మీద నేరుగా గుచ్చండి.

7. నాటడం

సెప్టెంబరు నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు, నేలలో ఉప్పు కడుక్కుపోయాక. కాలువ అడుగున కాదు, గట్టు మీద కాదు, వాలు నడుమ. పోటుకి మొక్క మొదలు జానెడు మునిగి, పాటుకి బయటపడాలి. మొక్కకీ మొక్కకీ రెండు మీటర్లు ఇవ్వండి. దగ్గర దగ్గరగా నాటితే ఎక్కువ నాటినట్టు లెక్క వస్తుంది, అంతే.

పాలిథిన్ సంచి పూర్తిగా చింపి తీయాలి, మట్టి ముద్ద విడిపోకుండా. ఇది చెప్పాలా అనిపిస్తుంది. మా మొదటి ఏడాది మేం చెప్పలేదు. మరుసటి నెల లాగి చూస్తే సగం మొక్కలు సంచితో పాటే పైకొచ్చాయి. ఖాళీ సంచులకి ఒక గోనె పెట్టి, ఎన్ని మొక్కలు దించామో అన్ని సంచులు వెనక్కి వచ్చాయా అని లెక్క పెట్టించడం అప్పటి నుంచి అలవాటైంది.

అదే ఏడాది ఇంకో తప్పు కూడా చేశాం. పాటుకి సముద్రం వైపు బురద మేట ఖాళీగా, మెత్తగా, నాటడానికి సుఖంగా కనిపించింది. అక్కడ వరుసలు వేశాం. రెండు నెలల తర్వాత మిగిలినవి గుర్తు కోసం పాతిన పుల్లలు, వాటి మీద పట్టిన గుల్లలు. అక్కడ ఎప్పుడైనా మడ ఉండేదా అని మేం ఎవరినీ అడగలేదు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మేం నాటుతున్నంతసేపూ చూశాడు. "ముందే చెప్పొచ్చు కదా బాబాయ్" అంటే, "మీరు అడగలేదు కదయ్యా" అన్నాడు.

పనివేళ: పాటుకి రెండు గంటల ముందు దిగి, పోటు తిరిగిన గంట లోపల అందరూ బయటికి రావాలి. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టండి. ఒక విడతకి పాతికమందికి మించొద్దు. అంతకన్నా ఎక్కువమంది ఒకే చోట తొక్కితే బురద గట్టిపడి, అప్పటికే మొలిచినవి పోతాయి. పాము కాటుకి మందు ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకోండి.

8. తర్వాతి ఏడాది

గేదెలు, మేకలు: కంచె వేయడం కన్నా కాపరితో మాట్లాడటం చవక. ఏ వైపు మేపాలో, ఏ వైపు మూడేళ్లు వద్దో కలిసి తేల్చుకోండి. కంచె తప్పకపోతే ముళ్లకంప దడి వేయండి, పాత వలలు వద్దు, నీటికుక్కలు, పక్షులు అందులో చిక్కుకుంటాయి. మొక్కకి నాచు చుట్టుకుంటే నెలకోసారి చేత్తో తీసేయండి. గుల్లలు పడితే గీకకండి, బెరడు లేచిపోతుంది. గుల్లలు బాగా పట్టాయంటే మొక్క మరీ పల్లంలో ఉందని అర్థం. పూడిక తీత ఏటా వానలకి ముందు తప్పదు. నా అనుభవంలో కాలేజీ వాలంటీర్లకి ఇవ్వదగిన అసలైన పని ఇదే. జూన్ 5న పిలవాలనుకుంటే దీనికి పిలవండి.

భాగం 2: ఇసుక దిబ్బ

దిబ్బ పని తేలిక, ఫలితం త్వరగా కనిపిస్తుంది. ఊరివాళ్లకి నమ్మకం కలగడానికి కొందరు ఇక్కడే మొదలుపెడతారు, అదీ మంచిదే.

1. తొక్కుడు ఆపండి. దిబ్బ మీద పచ్చ తీగ చచ్చిపోయేది ఎక్కువగా కాళ్ల కింద, బళ్ల చక్రాల కింద. పడవలు లాగే దారి, వలలు ఆరబెట్టే చోటు మత్స్యకారులతో కలిసి గుర్తించి వదిలేయండి. అవి మూస్తే మీ దడి వారం కూడా ఉండదు. మిగిలిన నడకదారులు ఒకటి రెండుకి తగ్గించి, గాలికి ఎదురుగా కాకుండా ఏటవాలుగా పెట్టండి. నేరుగా సముద్రానికి తెరిచిన దారిలో గాలి ఇసుకని చీల్చుకుపోతుంది.

2. చెత్త ఏరండి, ఊడ్చకండి. ప్లాస్టిక్, తెగిన వలలు చేత్తో ఏరాలి. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచు, ఆకులు, పుల్లలు అలాగే ఉంచాలి. గాలికి వచ్చిన ఇసుక మొదట ఆగేది వాటి దగ్గరే. ట్రాక్టర్‌తో బీచ్ చదును చేయడమంటే పుట్టబోయే దిబ్బని ఎత్తి పారబోయడమే.

3. దడి కట్టండి. తాటాకు కానీ కొబ్బరి మట్టలు కానీ, నడుం ఎత్తులో. సరుగుడు కర్రలు ఒకటిన్నర మీటరుకి ఒకటి, రెండడుగులు లోతుకి. దడిలో సగం ఖాళీ ఉండాలి. అటువైపు నిల్చున్న మనిషి చొక్కా రంగు తెలియాలి, ముఖం తెలియకూడదు, అదీ కొలత. సందు లేకుండా కడితే గాలి పైనుంచి దూకి వెనకాల గుంట తవ్వుతుంది. గాలి దిక్కు నైరుతి, ఈశాన్య కాలాలకి మారుతుంది కాబట్టి, ముందు ఒక కర్రకి గుడ్డ కట్టి రెండు వారాలు చూడండి. పోటు గీతకి బాగా ఎగువన కట్టండి.

హెచ్చరిక: జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. పిల్లలు బయటికి రావడానికి ఇంకా నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. తాబేళ్లు వచ్చే చోట పొడవాటి దడి కట్టకూడదు. చిన్న ముక్కలుగా, మధ్యలో వెడల్పు ఖాళీలతో కట్టాలి, లేదా డిసెంబరులో తీసేయాలి. నైలాన్ వల దడి ఎప్పుడూ వద్దు.

4. తీగ నాటండి. ముందు వరసలో బాలబంద తీగ, కొన్నిచోట్ల చెవులపిల్లి తీగ అంటారు. మేకడెక్కలా రెండుగా చీలిన ఆకు, ఊదారంగు పువ్వు. దాని పక్కన రావణాసురుడి మీసాలు గడ్డి, ఎండాక గాలికి బంతిలా దొర్లుతూ పోతే పిల్లలు వెంటపడతారే, అదే. ఆకు కొన సూదిలా గుచ్చుకుంటుంది, చేతికి గ్లోవ్స్ ఉండాలి. బాలబంద తీగని ఒకటిన్నర అడుగు ముక్కలుగా, నాలుగైదు కణుపులు ఉండేలా కోయండి. మూడు కణుపులు తడి ఇసుక తగిలేదాకా పాతి, కొస బయట ఉంచండి. మీటరుకి ఒకటి. వానలు పడ్డాక, మబ్బు పట్టిన రోజున. ఒకే దిబ్బ మీద అంతా కోయకండి, అక్కడక్కడ కొంచెం కొంచెం తీసుకోండి. కోసిన రోజే నాటాలి, తడి గోనెలో చుట్టి పెట్టినా రెండో రోజు దాటనివ్వకండి.

దిబ్బ వెనక వాలు మీద మొగలి, తాటి. తాటి టెంకలు ఊళ్లో ఊరికే దొరుకుతాయి, పాతి మర్చిపోవచ్చు.

5. సరుగుడు గురించి. దీని మీద గొడవ పడేవాళ్లున్నారు కాబట్టి నా మాట చెప్తాను. 2004 సునామీ తర్వాత తీరం పొడవునా సరుగుడు వేశారు. ఊరికి గాలి ఆపుతుంది, కట్టె ఇస్తుంది, కాదనను. కానీ రాలిన ఆకు పరుపు కింద బాలబంద తీగ మొలవదు, తాబేలుకి గుడ్లు పెట్టే ఖాళీ ఇసుక మిగలదు. దిబ్బ వెనక, ఊరి వైపు వేసుకోండి, సముద్రం వైపు ముఖం మీద వద్దు. సర్కారు తుమ్మ ఎక్కడ మొలిచినా చిన్నప్పుడే వేళ్లతో పీకేయండి. పెద్దదాన్ని పైన కోసి వదిలేస్తే నాలుగు కొమ్మలతో లేస్తుంది.

పని అయిందో లేదో ఎలా తెలుస్తుంది?

"ఎన్ని నాటారు?" అని అందరూ అడుగుతారు. రాసుకోవాల్సింది అది కాదు.

మడ పర్రలో తాడుతో 10 మీటర్లు బై 10 మీటర్ల గడులు మూడు నాలుగు గుర్తించండి. ఒకటి తప్పకుండా ఏమీ నాటని చోట ఉండాలి, పోల్చడానికి. మూడు నెలలకి, ఏడాదికి, మూడేళ్లకి అవే గడుల్లో లెక్కపెట్టండి: బతికినవి ఎన్ని, మీరు నాటకుండా తమంతట తామే మొలిచినవి ఎన్ని, పీత బొరియలు పెరిగాయా, పాటు తర్వాత నీరు నిలుస్తోందా. వాటంతట అవి మొలిచినవి ఏటా పెరుగుతుంటే నీటి దారి సరిగ్గా పడినట్టే. మీరు నాటినవే ఉండి కొత్తవి ఒక్కటీ లేకపోతే అనుమానించండి. ఏడాదికి సగం కన్నా తక్కువ బతికితే అక్కడే మళ్లీ నాటకండి, లెవెల్ పైపు తీసుకుని రెండో మెట్టు దగ్గరికి వెనక్కి వెళ్లండి. చాలా పర్రల్లో మూడేళ్లు వరుసగా ఒకే చోట నాటుతారు, ప్రతిసారీ కొత్త బ్యానర్‌తో.

దిబ్బ మీద పది సెంటీమీటర్లకో రంగు గీత ఉన్న కర్ర పాతండి. నెలకోసారి, ఒకే తేదీన, ఇసుక ఏ గీత దగ్గర ఉందో రాయండి. పక్కనే ఒక రాయి పెట్టి, ఆ రాయి మీద నిలబడి, ప్రతిసారీ అదే దిక్కుకి ఫోన్‌తో ఫొటో తీయండి. దడి సగం పూడితే బాగా పనిచేసినట్టు. పూర్తిగా పూడితే దాని మీదే రెండో వరస కట్టొచ్చు. తుఫాను వచ్చి ముందు భాగం కోసుకుపోతే కంగారు పడకండి, దిబ్బ ఉన్నది అలా ఇసుక ఇవ్వడానికే. వెనక తీగ బతికి ఉంటే అది మళ్లీ ముందుకి పాకుతుంది. ఆ కోత మీద రాళ్లు పోయించాలని ఎవరైనా అంటే మాత్రం ముందు ఆపండి, తర్వాత మాట్లాడండి.

ఈ లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంటుందో మొదటి రోజే తేల్చుకోండి. వచ్చి పోయే వాలంటీర్ దగ్గర కాదు, ఊళ్లో ఉండే మనిషి దగ్గర. మా దగ్గర అది డ్వాక్రా సంఘం లీడర్ ఇంట్లో, పొదుపు పుస్తకాల పక్కనే ఉంటుంది. పౌర్ణమి మర్నాడు ఆవిడే ఫోన్ చేసి, "నీళ్లు మూడో పిల్ల కాలువ దాటలేదు సార్, మొగలో పూడిక పడినట్టుంది" అంటారు. ఆ వారం పారలు పట్టుకుని వెళ్తాం.